పెద్ద డోలుకు ఎన్ని గొంతులు?

మన ఏజెన్సీ బళ్లలో బ్యాండు సెట్టు ఉన్నచోటల్లా ఒక పెద్ద డ్రమ్ము ఉంటుంది. ఆగస్టు 15కూ జనవరి 26కూ బయటికి తీస్తాం. తరగతిలో అందరికన్నా దిట్టంగా ఉన్న పిల్లవాడి మెడలో వేసి, ఎడమ కాలు పడినప్పుడల్లా కొట్టమంటాం. చిన్న డ్రమ్ములవాళ్లకు రకరకాల వరుసలు నేర్పిస్తాం గానీ దీనికి ప్రత్యేకంగా నేర్పేది ఉండదు. ఒకటే "ధం" కదా, నేర్పడానికి ఏముంది అంటారు. మా కోయ డోలు గురించి కూడా ఇదే మాట విన్నాను. ఒక ఉత్సవంలో మావాళ్లు ఆటకు ముందు డోళ్లను ఒక్కొక్కటిగా తట్టి చూసుకుంటుంటే, మైకులు చూసే అతను "మీకు శ్రుతి ఎందుకయ్యా, మీది మోతే కదా" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అది అతని సొంత మాట కాదు. పెద్ద డోలుకు ఒకే శబ్దం ఉంటుందని చాలా దేశాలవాళ్లు చాలా కాలంగా అంటూ వచ్చారు. ఆ మాట ఎలా పుట్టింది, తోలు బిగించీ వదిలీ చూసినవాళ్లు దాన్ని ఎలా కాదన్నారు అన్నది మనవాళ్లకు తెలియాలని ఇది రాస్తున్నాను.

ఇంగ్లీషువాళ్లు బేస్ డ్రమ్ము అనే ఈ వాద్యం యూరప్‌లో పుట్టింది కాదు. దీని మూలం టర్కీవాళ్ల దావుల్. ఒట్టోమాన్ సుల్తానుల దగ్గర జానిసరీలనే సైన్యం ఉండేది. ఆ సైన్యం వెంట మెహ్తర్ అనే మేళం నడిచేది. సన్నాయిలాంటి జుర్నా, తాళాలు, నగారాలు, దావుళ్లు అందులో ఉండేవి. దావుల్‌ను భుజానికి వేలాడదీసుకుని ఒక ముఖాన్ని లావుపాటి కర్రతోనూ, రెండో ముఖాన్ని సన్నటి బెత్తంతోనూ కొడతారు. కర్ర దెబ్బ లోతుగా పలుకుతుంది, బెత్తం దెబ్బ పటపటమంటుంది. రెండు ముఖాలనూ కలిపి తాళ్లతో లాగి కడతారు. తాడు బిగిస్తే గొంతు లేస్తుంది, వదిలితే దిగుతుంది. అంటే పుట్టుకతోనే ఇది ఒక్క శబ్దపు వాద్యం కాదు.

1683లో టర్కీ సైన్యం వియన్నాను ముట్టడించి ఓడిపోయింది. తర్వాతి శతాబ్దంలో యూరప్ రాజులు ఆ మేళాన్ని చూసి మోజుపడి తమ పటాలాల్లో పెట్టుకున్నారు. అక్కడి నుంచి అది నాటకశాలల్లోకి వెళ్లింది. మోజార్ట్ 1782లో వియన్నాలో ప్రదర్శించిన సంగీత నాటకంలో టర్కీ అంతఃపురం కథ ఉంది కాబట్టి పెద్ద డ్రమ్ము, తాళాలు, ముక్కోణపు గంట వాడాడు. హైడన్ 1794లో లండన్‌లో వినిపించిన "మిలిటరీ" సింఫనీలో వాడాడు. బీథోవెన్ 1824లో తన తొమ్మిదో సింఫనీ చివరి భాగంలో వాడాడు. ఈ మూడు వాద్యాల జట్టుకు వాళ్లు పెట్టుకున్న పేరే "టర్కీ సంగీతం". యుద్ధం చూపించాలన్నా, పరాయివాణ్ణి చూపించాలన్నా అది మోగేది. సినిమాలో అడవి మనుషులను చూపించాలనగానే వెనక డోలు మోగించడం మనం చూసిందే. ఆ అలవాటు అంత పాతది.

మోజార్ట్ రోజుల్లో కర్రా బెత్తం రెండూ వాడేవారు. ఆ తర్వాత బెత్తం పోయింది, మెత్తటి తలకాయ ఉన్న కర్ర ఒక్కటే మిగిలింది. తాళ్లకు బదులు ఇనుప మరలు వచ్చాయి. మరలు బిగించడం తేలికే గానీ, తేలికైన కొద్దీ ఒకసారి బిగించి వదిలేయడం అలవాటైంది. నా లెక్కలో "పెద్ద డ్రమ్ముకు ఒకటే శబ్దం" అన్న మాట పుట్టింది ఇక్కడే. రెండు గొంతుల వాద్యాన్ని తీసుకుని, ఒక గొంతు నొక్కేసి, దీనికి ఉన్నదే ఒకటి అన్నారు. ఇంకో తమాషా ఉంది. 1826లో సుల్తాను రెండో మహమూద్ జానిసరీలను రద్దు చేశాడు, వాళ్ల మేళమూ పోయింది. దాని స్థానంలో యూరప్ తరహా బ్యాండు నేర్పడానికి 1828లో ఇటలీ నుంచి గియుసెప్పె డోనిజెట్టి అనే సంగీతకారుణ్ణి పిలిపించారు. అప్పటికి ఆ యూరప్ బ్యాండులోని పెద్ద డ్రమ్ము టర్కీదే. ఇంటి వస్తువు పరాయి ముద్ర వేసుకుని ఇంటికి తిరిగొచ్చిందన్నమాట. ఇలాంటివి మనకు కొత్త కాదు.

అయితే యూరప్‌లోనూ చెవి ఉన్నవాళ్లు ఊరుకోలేదు. ఫ్రాన్సులో బెర్లియోజ్ 1830లో తన సింఫనీలో డ్రమ్మును ముఖం పైకి ఉండేలా నిలబెట్టించి, ఇద్దరిచేత విడవకుండా వాయించమన్నాడు. దెబ్బగా కాక ఎడతెగని మోతగా వినిపించాలని. అంతకన్నా నాకు నచ్చింది ఇటలీవాడు వెర్డీ చేసిన పని. 1874 మే 22న మిలాన్‌లోని ఒక చర్చిలో, చనిపోయిన రచయిత మంజోని జ్ఞాపకార్థం వెర్డీ రాసిన రెక్వియం పాడారు. చనిపోయినవాళ్ల కోసం చేసే ప్రార్థన అది. అందులో ప్రళయ దినాన్ని వర్ణించే చోట మేళమంతా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీలో పెద్ద డ్రమ్ము ఒక్కటే జవాబు చెబుతుంది. అక్కడ వెర్డీ స్వరలిపి మీదే రాశాడు, డ్రమ్ము తాళ్లు బాగా బిగించాలి, ఆ దెబ్బ పొడిగా, చాలా గట్టిగా రావాలి అని.

ఎందుకు అలా రాశాడో ఆలోచించండి. వదులుగా ఉన్న పెద్ద తోలు కొట్టిన తర్వాత చాలాసేపు మోగుతూనే ఉంటుంది. ఆ మోత వెనక వచ్చే మేళం దెబ్బలో కలిసిపోతే, ఖాళీలో పడ్డ దెబ్బ ఖాళీలో పడినట్టు తెలియదు. బిగించిన తోలు టక్కున పలికి ఆగుతుంది. ఆర్కెస్ట్రాలో వాడే డ్రమ్ము అడ్డంగా 36 నుంచి 40 అంగుళాలు ఉంటుంది. అంత పెద్ద తోలును పొడిగా పలికించడం మామూలు పని కాదు. నేటికీ కొందరు వాద్యకారులు ఈ ఒక్క పాట కోసం వేరే డ్రమ్ము తెచ్చుకుని బిగించుకుంటారు. తాడు బిగువు గురించి స్వరకర్త స్వయంగా రాసిపెట్టాడంటే ఆ బిగువు కూడా సంగీతంలో భాగమేనని ఒప్పుకున్నట్టే. మనవాళ్లు డోలు తట్టి చూసుకునేది కూడా దానికోసమే.

ఇక శాస్త్రం సంగతి కొంచెం చెప్పాలి, నేను బడి పంతులిని కాబట్టి. తీగను మీటితే మూలస్వరంతో పాటు పైన వచ్చే అతిస్వరాలు దానికి సరిగ్గా 2 రెట్లు, 3 రెట్లు, 4 రెట్లుగా ఉంటాయి. అవి ఒకదానిలో ఒకటి ఒదిగి చెవికి ఒకే స్వరంగా వినిపిస్తాయి. గుండ్రటి తోలు అలా కాదు. దాని అతిస్వరాలు మూలానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు, ఇలా పొసగని లెక్కల్లో వస్తాయి. 1877లో రేలీ ధ్వని సిద్ధాంతం మీద రాసిన పుస్తకంలో ఈ లెక్కలన్నీ ఉన్నాయి. డోలులో స్వరం ఏర్పడదని పాశ్చాత్యులు అనడానికి ఇదొక ఆధారం. కలకత్తాలో పనిచేస్తున్న సి.వి. రామన్ 1920లో దీనికి జవాబిచ్చాడు. తబలా, మృదంగం ముఖం మధ్యన వేసే నల్లటి ముద్ద తోలు బరువును మార్చి, ఆ పొసగని రెట్లను దాదాపు సరి రెట్లలోకి తెస్తుందని చూపించాడు. 1934లో ఇంకా వివరంగా రాశాడు. ఆ ముద్ద కనిపెట్టినవాళ్లు ఏ లెక్కలూ వేయలేదు. రుద్దారు, కొట్టారు, విన్నారు, మళ్లీ రుద్దారు.

మన పెద్ద డోలుకు ఆ ముద్ద లేదు. అందుకే దాని గొంతులు వేరే దారుల్లో వెతుక్కోవాలి. ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పేటప్పుడు పిల్లలతో బడి డ్రమ్మును పూర్తిగా విప్పించి ఈ పని చేయించాను. ముందు బోల్టులన్నీ వదులు చేసి, తోలు మీద ముడతలు పోయేదాకా చేత్తోనే తిప్పారు. ఆ తర్వాత తాళంచెవితో ఒక బోల్టు పావు చుట్టు, దాని ఎదురుగా ఉన్నది పావు చుట్టు. ప్రతి బోల్టు దగ్గరా అంచుకు రెండు వేళ్ల దూరంలో తట్టి, అన్నిచోట్లా ఒకేలా పలుకుతుందో లేదో విన్నారు. ఒక చోట ఎక్కువై ఇంకో చోట తక్కువైతే డ్రమ్ము మూలుగుతుంది. చుట్టూ సమానమైతే గొంతు విచ్చుకుంటుంది. ఆ తేడా పట్టుకోవడానికి పిల్లలకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

పావు చుట్టు చొప్పున పైకి వెళ్లినకొద్దీ వినిపించిన శబ్దానికల్లా ఒక పేరు పెట్టమన్నాను. "తడి మట్టి మీద రోకలి", "చెరువులో బండ", "ఖాళీ గాబు", "ఎండిన సొరకాయ", అన్నిటికన్నా బిగువైనదానికి "డప్పు తమ్ముడు". నల్లబల్ల మీద పదకొండు పేర్లయ్యాయి. ఇదంతా ఒక్క ముఖాన్ని బిగించడంతోనే. రెండో ముఖాన్ని కూడా మార్చేసరికి లెక్క తప్పిపోయింది. పైముఖం మీద నాలుగు బియ్యపు గింజలు వేసి అడుగుముఖం కొడితే గింజలు ఎగిరాయి. లోపలి గాలి రెండు తోళ్లనూ కలిపి ఆడిస్తుందని దానితో వాళ్లకే తెలిసింది. రెండూ సమానంగా ఉంటే మోత సాగుతుంది. కొట్టే ముఖం వదులు, ఎదుటిది బిగువు అయితే దెబ్బ గుండెలో తగులుతుంది. బాగా వదులుగా ఉన్న తోలును గట్టిగా కొడితే గొంతు పైన మొదలై కిందికి జారుతుంది, ఎందుకంటే దెబ్బ పడ్డ క్షణంలో తోలు సాగి బిగుస్తుంది, ఊపు తగ్గేకొద్దీ వదులవుతుంది. తన్యత నాలుగు రెట్లు పెరిగితేనే పౌనఃపున్యం రెండు రెట్లవుతుందని పుస్తకంలో ఉంటుంది. పావు చుట్టు తిప్పీ తిప్పీ చేతులు నొప్పెట్టిన పిల్లవాడికి ఆ సూత్రం వేరే చెప్పక్కర్లేదు. నడిమధ్య కొడితే పొట్టి శబ్దం, అంచుకు జరిగితే పొడుగు శబ్దం. మోకాలు ఆనిస్తే ఒకటి, తువ్వాలు ఆనిస్తే ఒకటి.

తిరిగి చరిత్రకు వద్దాం. పెద్ద డోలు కథ అమెరికాలో ఇంకో మలుపు తిరిగింది, అది మనలాంటివాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో నది దగ్గర ఆఫ్రికా బానిసలు తిరగబడ్డారు. డోళ్లు కొడుతూ నడిచారు. మరుసటి ఏడే, 1740లో, బానిసలు డోళ్లూ కొమ్ములూ వాడరాదని చట్టం చేశారు. ఉట్టి మోత అని నమ్మినవాళ్లు దాన్ని చట్టం పెట్టి ఆపరు. న్యూ ఆర్లీన్స్‌లో మాత్రం ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే మైదానంలో నల్లవాళ్ల డోళ్లు మోగేవి. తర్వాతి కాలంలో ఆ ఊరి నల్లవాళ్లే పటాలం బ్యాండులోని పెద్ద డ్రమ్మును, చిన్న డ్రమ్మును, తాళాలను దగ్గరకు చేర్చి ఒక్క మనిషి వాయించేలా చేసుకున్నారు. 1909లో విలియం లుడ్విగ్ మంచి కాలి పెడలు తయారు చేయడంతో పెద్ద డ్రమ్ము కాలికి అప్పగించబడింది. ఆ సెట్టులో ఉండే "టామ్ టామ్" అనే డ్రమ్ము పేరు మన దేశానిదే. హిందుస్తానీ "టమ్ టమ్" ఇంగ్లీషు దొరల నోటపడి ప్రపంచమంతా తిరిగింది. మన ఊళ్లలో టాం టాం వేయించడమంటే ఇప్పటికీ అందరికీ తెలుసు.

1923లో కింగ్ ఆలివర్ బృందం జాజ్ రికార్డులు చేసినప్పుడు డ్రమ్ములు వాయించిన బేబీ డాడ్స్‌కు పెద్ద డ్రమ్ము వాడే వీలు లేకపోయింది. అప్పట్లో కొమ్ములోకి వాయిస్తే సూది మైనం మీద గీసేది. డ్రమ్ము దెబ్బకు సూది ఎగిరిపోతుందని వద్దన్నారు. ఆయన చెక్క ముక్కల మీద వాయించాడు. కాబట్టి ఆ పాత రికార్డులు విని "వాళ్లకు కింది గొంతు లేదు" అనుకుంటే తప్పు. గొంతు లేనిది యంత్రానికి. మన పాటలు రికార్డు చేసినప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. సెల్‌ఫోను చిన్న స్పీకరులో డోలు "టక్ టక్" అని వినిపిస్తే అది డోలు సంగతి కాదు.

ఆ రోజుల్లో అక్కడ కూడా తోలే వాడేవారు, దూడ తోలు. వాన పడితే మెత్తబడి గొంతు దిగిపోయేది. అందుకని డ్రమ్ము లోపల కరెంటు బల్బు పెట్టి వెలిగించేవారు. ముఖం మీద బొమ్మ వెలుగులో కనబడుతుందని చాలామంది అనుకుంటారు, అదీ నిజమే. కానీ బల్బు వేడికి తోలు ఆరి బిగువెక్కుతుంది. మన నెగడు చేసే పనే అది. 1957లో రెమో బెల్లి కంపెనీ పాలియెస్టర్ పొరతో ముఖాలు అమ్మడం మొదలుపెట్టాక వానకు భయపడే పని పోయింది. డ్రమ్ముల కొలతలు కూడా మారాయి. 1930లలో పెద్ద నాట్య బృందాలవాళ్లు 28, 26 అంగుళాలవి వాడారు. ఆ తర్వాత చిన్న జాజ్ బృందాలవాళ్లు 18 అంగుళాలది తెచ్చుకుని, దాన్ని మంద్రంలో కాకుండా పైకి బిగించి పాడించారు.

1966లో బీటిల్స్ రికార్డింగు ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ రింగో స్టార్ పెద్ద డ్రమ్ములో ఒక ఉన్ని స్వెట్టరు కుక్కి, మైకును బాగా దగ్గరకు తెచ్చాడు. మోత అణిగి దెబ్బ మాత్రం మిగిలింది. ఆ పొట్టి దెబ్బే నేటి సినిమా పాటల దాకా వచ్చింది. దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టినవాడు లెడ్ జెప్పెలిన్ డ్రమ్మరు జాన్ బోనమ్. 26 అంగుళాల డ్రమ్ము, రెండు ముఖాలూ బిగువుగా. 1971లో వచ్చిన వాళ్ల నాలుగో ఆల్బమ్ కోసం ఇంగ్లండులోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల కింద హాలులో డ్రమ్ములు పెట్టి, పైన మెట్ల మీద నుంచి రెండు మైకులు వేలాడదీశారు. ఆ ఇంటి గోడలే డ్రమ్ముకు మూడో ముఖమయ్యాయి. స్వెట్టరు కుక్కిన డ్రమ్ము, హాలులో మోగిన డ్రమ్ము ఒకే జాతివి. మధ్యలో ఐదేళ్లు కూడా లేవు.

ఇక మన డోలు. కోయల్లో డోలీలని ఒక శాఖ ఉంది. వాళ్ల పని డోలు వాయిస్తూ, పడిగె చూపిస్తూ వంశాల కథలు, ఇలవేల్పుల కథలు చెప్పడం. మణుగూరు మండలానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ డోలు మీద చెప్పేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆ కథ పుస్తకంలో లేదు, డోలు వరుసల్లోనూ పాటలోనూ ఉంది. వరుస మారిందంటే కథలో చోటు మారిందని వినేవాళ్లకు తెలుస్తుంది. డోలు గొంతు సరిగా లేకపోతే ఆ మలుపు చెవిన పడదు. శ్రుతి ఎందుకు అన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే.

కొమ్ము ఆటలో డోలు భుజాన వేలాడుతుంది, ఒక పక్క కర్ర, ఒక పక్క అరచేయి. దావుల్‌కు వాళ్లెవరో మనమెవరో, చుట్టరికం ఏదీ నేను చెప్పడం లేదు. రెండు ముఖాలున్న వాద్యం చేతికి ఇస్తే మనిషి రెండు గొంతులు వెతుక్కుంటాడని మాత్రమే అంటున్నాను. మా పల్లెలో కొలుపుకు ముందు డోళ్లను నెగడు దగ్గరకు తెస్తారు. తోలును మంటకు చూపించి తిప్పుతూ మధ్యమధ్యలో వేలితో తట్టి వింటారు. ఎక్కువ కాలితే తోలు చిట్లుతుంది, తక్కువైతే రెండు పాటలకే దిగిపోతుంది. నడిరాత్రి మంచు పడ్డాక రేల ఆట ఊపు తగ్గితే ఆడేవాళ్లు అలసిపోయారని బయటివాళ్లు అనుకుంటారు. మా తాతలు మాత్రం డోలును మళ్లీ మంటకు తీసుకుపొమ్మంటారు. ఎంత దూరంలో పట్టాలి, ఎంతసేపు, ఏ ముఖం ముందు అన్నదంతా చేతిలో ఉన్న విద్య. ఎవరూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు డప్పులకు వచ్చిన ప్లాస్టిక్ ముఖాలు డోళ్లకూ వస్తున్నాయి. నేను ప్లాస్టిక్‌ను తిట్టను. వానలో ఊరేగింపు ఉంటే తోలు డోలు పట్టుకెళ్లలేం, తోలు దొరకడమూ కష్టమైంది. నా బాధ వేరే. ప్లాస్టిక్ ముఖం వేసినవాళ్లు బోల్టులను చివరిదాకా బిగించి వదిలేస్తున్నారు. కొలుపుకూ పెళ్లికీ చావుకూ ఒకటే గొంతు. నెగడు పనితో పాటు వినే పని కూడా పోయింది. నిజానికి బోల్టులున్న డోలును మార్చుకోవడం మంటకన్నా తేలిక. వదులు చేసి, ముడతలు పోయినచోట మొదలుపెట్టి, పావు చుట్టు చొప్పున ఎక్కిస్తూ పోతే కొలుపు గొంతుకు దగ్గరగా ఏదో ఒకచోట తగులుతుంది. అది ఎక్కడ తగిలిందో చెప్పడానికి ఆ గొంతు ఎరిగిన పెద్దమనిషి పక్కన ఉండాలి. అలాంటివాళ్లు మా గూడెంలో ముగ్గురున్నారు, ముగ్గురికీ డెబ్బై దాటాయి.

అందుకని పిల్లలతో ఒక పని మొదలుపెట్టించాను. పండుగకు డోలు మంటకు తీసుకెళ్లినప్పుడల్లా ఒకరు ఫోనులో శబ్దం పట్టుకుంటారు, ఒకరు నోటు పుస్తకంలో రాస్తారు. ఏ తోలు, ఏ ముఖం, ఎన్నింటికి మంట చూపారు, అప్పుడు మంచా వానా, పెద్దాయన "చాలు" అన్నది ఎప్పుడు, ఆ వెంటనే వాయించిన వరుస ఏది. ఇప్పటికి నాలుగు గూడేల డోళ్లు అయ్యాయి. గోండు అన్నదమ్ములకు తుడుం ఉంది, దాని పేరుతో ఉద్యమమే నడిచింది. దాన్ని ఎలా కాస్తారో, ఎప్పుడు "చాలు" అంటారో మీలో ఎవరైనా ఇలాగే రాసి ఉంచితే రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూడవచ్చు. కొండరెడ్ల, సవరల డోళ్ల గురించి కూడా. ముందు రాయాల్సింది తోలు ఏదో, తాడు ఏదో. మంట సంగతి దాని తర్వాత.